బంతిదా తప్పు, గొట్టందా?

ఆరబెట్టే గది,
మధ్యాహ్నం టీ వేళ.

మేనకోడలు పిల్లకి మీ అత్త ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. చదివాక ఒళ్ళు మండింది. "అత్తా, పోయిన నెల మీ దగ్గర్నుంచి వచ్చిన పెట్టెలో బంతులన్నీ కుడివైపు లాగుతున్నాయి, ఆరబెట్టడం మరిచిపోయారా?" అని రాయడానికి చేతులెలా వచ్చాయే నీకు? బంతికి కుడీ ఎడమా తెలుస్తాయా? బంతిలో తప్పుంటే ఒకటి కుడికి పోతుంది, ఒకటి ఎడమకి పోతుంది, ఇంకోటి నెత్తి మీదుగా పోతుంది. అన్నీ బుద్ధిగా ఒకేవైపు పోతున్నాయంటే తప్పు నీ గన్నులోనే ఉంది. ముందు గొట్టం విప్పి చూసుకో, ఆ తర్వాత నా మీద పడు.

జనం సరదాకి ఒకరినొకరు రంగుతో కొట్టుకునే ఆటకి నువ్వు గన్నులు బాగుచేస్తావు, నేను అందులో పోసే రంగు బంతులు ఆరబెడతాను. మైదానంలో అందరూ నిన్ను గన్ను డాక్టరు అంటారని మీ నాన్న కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుని తిరుగుతున్నాడు. సంతోషమే. కానీ డాక్టరు ఎంత గొప్పదైనా లోపలికి పోయే సరుకు బాగుండాలి కదా. ఆ బంతి ఎలా తయారవుతుందో నువ్వు ఒక్కసారైనా వచ్చి చూడాలి. యంత్రంలోంచి పడ్డప్పుడు పైన జెలటిన్ పెంకు తడితడిగా, వేలు పెడితే సొట్టపడేలా ఉంటుంది. డ్రమ్ముల్లో దొర్లించి ట్రేల్లో పరుస్తాం. ఇక అక్కడి నుంచి నాదే భారం. పై ట్రే కిందికి, కింది ట్రే పైకి, గోడ పక్కది మధ్యకి మారుస్తూనే ఉండాలి. ఏమరుపాటుగా వదిలేశామా, బంతి తను కూర్చున్న వైపు చదునైపోతుంది. గుండ్రంగా లేని బంతి ఎంత మంచి గన్నులోంచి వదిలినా తిన్నగా పోదు. అందుకే నేను చెప్పేది, గురి అనేది ఈ గదిలోనే తయారవుతుందని.

నువ్వు మూతి ముడుచుకుంటున్నావని నాకు తెలుసు. ముడుచుకో.

ఇప్పుడు అసలు సంగతి. మేనేజరు కొత్తగా వేడి గాలి టవరు ఒకటి తెప్పించాడు. పైనుంచి తడి బంతులు పోస్తే పూట గడిచేసరికి కింద ఆరిపోయి పడతాయట. మాకు అదే పని రోజుల తరబడి పడుతుంది. "రెండు రకాలూ బయట ఎక్కడైనా ఇచ్చి కొట్టించి చూద్దాం. ఏది గురిగా పోతే అదే ఉంచుకుందాం" అన్నాడు. అంటే మేం ఓడిపోతే ఈ గది మూతపడుతుంది. మమ్మల్నందర్నీ పెట్టెలకి టేపు అంటించే చోటికి మారుస్తారు. టేపు అంటించడం తక్కువ పనని నేననను. కానీ గదిలోకి అడుగుపెడుతూనే ఏ ట్రే మొహం మాడ్చుకుని ఉందో నాకు తెలిసిపోతుంది. ఆ తెలివిని టేపు మీద ఏం చేసుకోను చెప్పు?

భయపడుతున్నానని అనుకునేవు. లేదు. మా బంతులు గెలుస్తాయి.

ఫోన్ చేయకు. డ్రమ్ముల పక్కన ఇన్నేళ్ళు నిలబడి నా చెవులు ఫోనుకి పనికిరాకుండా పోయాయి. నువ్వు అరవడం, నేను "ఆఁ?" అనడం, మధ్యలో వీధంతా మన సంగతులు వినడం. ఉత్తరమే హాయి.

మీ అత్త

*

మైదానం,
రిపేరు షెడ్డు.

అత్తకి,

గొట్టం విప్పాను. గన్నుకి బిగించే మర దగ్గర, లోపల ఎండిన రంగు పొర అంటుకుని ఉంది, ఒకవైపే. కుడికి లాగింది అదే. నువ్వే గెలిచావు. ఈ ఒక్కసారికే సుమా, దీన్ని పట్టుకుని ఏడాదంతా నన్ను ఏడిపించకు.

కానీ గురి మీ గదిలో తయారవుతుందంటే మాత్రం నేను ఒప్పుకోను. నా షెడ్డులో గోడకి వరసగా గొట్టాలు వేలాడుతుంటాయి. పైకి అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ లోపలి వెడల్పు దేనిది దానిదే. బంతిని గొట్టంలో పెట్టి నోటితో ఊదుతాను. ఊదకముందే జారిపడితే వదులు. బుగ్గలు నొప్పెట్టినా కదలకపోతే బిగుతు. పెట్టినచోట ఆగి, ఊదగానే 'ఫట్' మని బయటికి దూకిందా, అదీ దాని జోడీ. వదులు గొట్టంలో బంతి చుట్టూ గాలి తప్పించుకుపోతుంది, బంతి అటూ ఇటూ గోడలకి కొట్టుకుంటూ బయటపడుతుంది. ఆ తర్వాత అది ఎటు పోతుందో దానికే తెలియదు. బిగుతు గొట్టంలోనైతే అక్కడే పగిలి ఊరుకుంటుంది. ఇక్కడికి ఆడటానికి వచ్చేవాళ్ళు గురి తప్పిన ప్రతిసారీ "బంతులు బాగాలేవు" అని నా మీదికొస్తారు. గొట్టం తప్పుని బంతి మీద రుద్దకండి అని రోజూ గొంతు చించుకునేది నేనే. అంటే మీ తరఫున రోజూ పోట్లాడుతున్నది నేనే. కాస్త కృతజ్ఞత ఉండాలి.

ఇక నువ్వు కూర్చుని చదవాల్సిన మాట. మీ మేనేజరు పరీక్ష పెట్టమని అడిగింది మా మైదానాన్నే. ఓనరు ఆ కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టి "నువ్వే చెయ్యాలి, ఇంకెవరికి చేతనవుతుంది?" అన్నాడు. "ఆ గదిలో పనిచేసేది మా మేనత్తండీ, నేను చేయకూడదు" అని అక్కడికక్కడే చెప్పేశాను. ఆయన మీ మేనేజరుకి ఫోన్ చేశాడు. మీ మేనేజరు ఏమన్నాడో తెలుసా? "ఆవిడ మేనకోడలా? అయితే ఇంకా నయం. ఆవిడ ఇంట్లో ఎవరికీ మొహమాటం ఉండదు" అన్నాడట. పొగిడాడో తిట్టాడో నువ్వే తేల్చుకో.

రెండు సంచులు వస్తాయట. ఒకదానికి ఎర్ర దారం, ఒకదానికి నీలం దారం. ఏది మీ గదిదో, ఏది టవరుదో మాకు చెప్పరు. రిపోర్టు అందాకే విప్పి చెబుతారు.

చేయనా, మాననా? చేస్తే మాత్రం ఒక్క షరతు. రంగు నాకు రాయకు. పొరపాటున కూడా రాయకు.

నీ కోడలు

*

ఆరబెట్టే గది,
పని మొదలయ్యే ముందు.

కోడలు పిల్లకి,

చెయ్యి. నువ్వు మానేస్తే ఇంకెవడో వస్తాడు. గొట్టం వదులో బిగుతో చూడకుండా నాలుగు పేల్చి, చేతులు దులుపుకుని పోతాడు. నా బంతులు ఓడిపోవాలనే రాసుంటే తెలిసినవాళ్ళ చేతిలోనే ఓడిపోనీ.

రంగు రాయను. నాకు తెలుసు, సంచి మూతికి మేనేజరు దారం కడుతుంటే పక్కనే ఉన్నాను. కానీ రాయను. నీకు అంతలోనే అనుమానం వచ్చిందంటే నన్ను నువ్వు సరిగ్గా ఎరగవన్నమాట.

మీ నాన్న ఆదివారం వచ్చాడు. కుర్చీలో సరిగ్గా కూర్చోకుండానే "అక్కా, ఏ రంగో నా చెవిన వేయి, దానికి నేను మెల్లగా అందిస్తా" అన్నాడు. చిన్నప్పుడు పరీక్షల్లో పక్కవాడి పలక చూసి రాసిన బుద్ధి ఇంకా పోలేదు వాడికి. "టీ తాగి వెళ్ళరా" అన్నాను. తాగి వెళ్ళాడు. నీ దగ్గరికీ వస్తాడు, జాగ్రత్త.

పరీక్షకి పంపే ట్రేల మీద ఈసారి నా చేయి ఎక్కువే పడింది. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. డ్రమ్ముల దగ్గర పనిచేసే వదిన నా మీద అలిగింది కూడా. ఇంతకంటే రాయకూడదు.

నిదానంగా చెయ్యి.

మీ అత్త

*

మైదానం,
పొడుగు షెడ్డు, అంతా తుడుచుకున్నాక.

అత్తకి,

నాన్న వచ్చాడు. నువ్వన్నట్టే. "మీ అత్త చేతి బంతి నీకు చూడగానే తెలియదూ?" అని నా చుట్టూ తిరిగాడు. చేతిలో చీపురు పెట్టి షెడ్డు ఊడవమన్నాను. ఊడ్చాడు కూడా, పాపం.

ఈ రోజు కొట్టాం. బయట గాలి ఉందని పొడుగు షెడ్డులోనే పెట్టుకున్నాం. గన్నుని బల్లకి బిగించేశాను, ట్రిగ్గరుకి తాడు కట్టి దూరం నుంచి లాగాను. అంటే నా చేయి వణికిందనో, నా కన్ను మోసం చేసిందనో అనడానికి లేదు. ఆ చివర తెల్ల బోర్డు. మొదట ఒక సంచి, బోర్డు మార్చి రెండో సంచి. రెండింటికీ అదే గన్ను, అదే గాలి సిలిండరు, అదే గొట్టం. కాగితంలో అలాగే చేయమని ఉంది.

రిపోర్టు ఇంకా పంపలేదు కాబట్టి రంగులు రాయను. ఒక్కటి మాత్రం రాయకుండా ఉండలేకపోతున్నాను. ఒక సంచిలోని బంతులన్నీ అరచేయంత మేరలో పడ్డాయి. రెండో సంచివి గొడుగు తెరిచినంత మేరలో చెల్లాచెదురైపోయాయి, రెండు మూడైతే బోర్డునే తప్పించుకుని గోడకి తగిలాయి. ఓనరు చూసి "ఇందులో ఇంక చెప్పుకోవడానికేముంది?" అన్నాడు.

నేను మొహం గంభీరంగా పెట్టుకుని గన్ను విప్పుతూ కూర్చున్నాను. కానీ అత్తా, లోపల ఛాతీ ఎంత ఉబ్బిందో చెప్పలేను. గుండ్రంగా ఆరిన బంతి ఎలా పోతుందో నువ్వు చిన్నప్పటి నుంచి నా చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పావు కదా. అది ఈ రోజు బోర్డు మీద చూశాను. ఎవరిదో నాకు తెలియదు. తెలియదు కాబట్టి ఏమీ రాయలేదు. ఈ పూట మాత్రం అన్నం రెండోసారి పెట్టించుకుని తిన్నాను, అంతే.

రేపు అంతా సరిచూసుకుని రిపోర్టు రాస్తాను.

నీ కోడలు

*

ఆరబెట్టే గది,
టీ వేళ, అందరూ నా చుట్టూ ఉండగా.

నా బంగారు కోడలికి,

అరచేయంత! నీ ఉత్తరం పైకి చదివి వినిపించాను. తప్పో ఒప్పో, ఆగలేకపోయాను. గదిలో ఒక్కొక్కరి మొహం చూడాల్సింది. డ్రమ్ముల వదిన అలక మానేసి నాకు టీ తెచ్చి ఇచ్చింది. మేనేజరు అటుగా పోతూ "ఏంటమ్మా సందడి?" అంటే "మీ టవరుకి గొడుగు కొనిపెడదామని అనుకుంటున్నాం సార్" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు, మాకు మాత్రం నవ్వాగలేదు.

నేను చెప్పలేదూ? ఆ టవరులో వేడి గాలి ఒక పక్క నుంచి కొడుతుంది. గాలి మూతి దగ్గర పడ్డవి గట్టిగా ఆరతాయి, అడుగున పడ్డవి అరకొరగా ఆరతాయి. అన్నీ కలిసి సంచిలోకి పోతాయి. ఇక గొడుగంత పరుచుకోక ఏం చేస్తాయి? మా గదిలో ఒక్కో ట్రేకి ఒక్కో చోట ఎంతసేపు ఉండాలో నా ఒంటికి తెలుసు.

మీ నాన్నకి కూడా కబురు పెట్టాను. వాడప్పుడే వీధి మొదటి నుంచి చివరి దాకా చాటింపు వేసి ఉంటాడు.

మాటలో మాట, నీ రిపోర్టు తొందరగా పంపు. ఆ టవరు ఎదుట నుంచి పోయినప్పుడల్లా నాకు మొహం తిప్పుకోబుద్ధవుతోంది. రిపోర్టు వచ్చాక దాని ఎదురుగానే నిలబడి టీ తాగుతాను.

గర్వంతో,
మీ అత్త

*

మైదానం,
రిపేరు షెడ్డు.

అత్తకి,

ఇన్ని రోజులు రాయనందుకు తిట్టు. ఈ ఉత్తరం చదివాక ఇంకా తిడతావు, కాబట్టి రెండూ కలిపే తిట్టు.

నీ ఉత్తరం వచ్చిన రోజు రిపోర్టు సగం రాసి ఉంది. ఎర్ర దారం సంచివి అరచేయంత, నీలం దారం సంచివి గొడుగంత. అవును, రంగులు ఇప్పుడు రాస్తున్నాను, రిపోర్టు నిన్ననే పంపేశాను కాబట్టి ఇక పరవాలేదు. అయితే రాస్తుంటే ఒక అనుమానం పురుగులా తొలిచింది. బంతులు బాగాలేకపోతే ఎందుకు బాగాలేవో నేను చెప్పగలగాలి. ఆ నీలం బంతుల్లో వంకర కనిపించలేదు. అతుకు దగ్గర గీత లేదు, సొట్ట లేదు, చేతిలో దొర్లిస్తే గాజు గోళీల్లా ఉన్నాయి. ఇంత ముద్దుగా ఉన్నవి ఎందుకు చెదిరిపోయాయి?

మిగిలిన బంతుల్ని, వెంట్రుకంత తేడానైనా పట్టే వెర్నియరుతో కొలిచాను. మొదటిది ఒక కొలత వచ్చింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే. వెర్నియరు పట్టేసిందేమోనని దులిపి, తుడిచి మళ్ళీ కొలిచాను. సంచి అడుగు దాకా వెళ్ళాను అత్తా, అన్నీ ఒక్కటే కొలత. అన్నీ కొంచెం చిన్నవి. అవసరమైనదానికంటే ఎక్కువ ఆరి కుంచించుకుపోయాయి. ఎర్ర దారంవి కొలిస్తే ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, ఒకటి మధ్యస్థం.

అప్పుడు నా బుర్రకి తట్టింది. పరీక్ష రోజు ముందు విప్పింది ఎర్ర దారం సంచి. దానికి ఊది చూసి, సరిపోయిన గొట్టం బిగించాను. రెండో సంచి విప్పినప్పుడు ఊది చూడలేదు. కాగితంలో ఒకే గొట్టం అని ఉంది కదా అని కళ్ళు మూసుకుని అదే గొట్టంతో కొట్టాను. ఇప్పుడు నీలం బంతి ఒకటి తీసి ఆ గొట్టంలో వేశాను. ఊదే పనే లేకుండా అటు నుంచి ఇటు జారి నేల మీద పడింది. గొట్టం తప్పుని బంతి మీద రుద్దకండని రోజూ అరిచే నేను, సరిగ్గా అదే చేశాను.

గోడ మీది సన్నటి గొట్టం తీసి బిగించి, రెండు సంచులూ మళ్ళీ కొట్టాను. ఎర్రవాటిలో పెద్దవి గొట్టంలోనే పగిలి గన్నంతా రంగు చేశాయి, తక్కినవి తలో దిక్కూ పోయాయి. నీలంవి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. బోర్డు మీద ఎన్ని తగిలాయో లెక్కపెట్టడానికి వీల్లేకుండా, టీ గ్లాసు బోర్లిస్తే మూసుకుపోయేంత ఒక్క మచ్చ. ఇక్కడ పనిచేస్తున్నప్పటి నుంచి అలాంటిది నేను చూడలేదు.

ఆ మచ్చ ముందు నిలబడి నాకు ఏడుపొచ్చింది. ఎందుకంటే అంత ఖచ్చితంగా ఒకే కొలతకి ఆరబెట్టడం మనిషి చేతికి సాధ్యం కాదు. అది యంత్రం పని. కొలత తేడాలుగా ఉన్న ఎర్ర దారం సంచి, అది చేతి పని. నీది. నేను గొట్టం మార్చకుండా ఉండి ఉంటే నువ్వు గెలిచేదానివి.

మొదటి పేజీ మాత్రమే పంపితే సరిపోతుందని నాన్న అన్నాడు. "కాగితంలో ఒకే గొట్టం అని ఉందిగా, రెండో గొట్టం ఎవడు తీయమన్నాడు నిన్ను? అత్త కన్నా ఆ గొట్టం ఎక్కువైపోయిందా నీకు?" అని కేకలేశాడు. ఇప్పుడు నాతో మాట్లాడటం లేదు. నిజానికి ఆయన మాట తప్పు కాదు. అడిగింది ఒక్క పేజీయే. కానీ ఆ పేజీ పంపితే మంచి బంతుల్ని చెడ్డవని రాసినట్టవుతుంది. నేనది రాయలేను. నీకోసం కూడా రాయలేను.

రెండు పేజీలూ పంపాను. రెండో పేజీ చివర ఇలా రాశాను: "నీలం దారం సంచి బంతులే మెరుగైనవి. వీటిని తయారుచేసిన తీరులో లోపం లేదు, ఎక్కడ ఆపాలో మాత్రం తెలియలేదు. ఇంకొంచెం ముందుగా తీసి ఉంటే మామూలు గొట్టంలోనూ ఇవే గెలిచేవి." ఆ టవరు నడిపేవాడెవడో గానీ వాడికి ఈ ముక్క తగలాలని కాస్త కోపంగానే రాశాను.

నీ గది మూతపడితే కింద సంతకం నాదే ఉంటుంది అత్తా. నువ్వు ఇక నాకు ఉత్తరం రాయకపోయినా నేను రాస్తూనే ఉంటాను.

నీ కోడలు

*

ఆరబెట్టే గది.

నా తల్లికి, మీ అత్త వేల ఆశీస్సులు.

నీలం దారం నాది.

అవునే, నీలం దారం సంచి నాది. ఇంకోసారి చదువుకో, కళ్ళు తుడుచుకుని మరీ చదువుకో.

నీ ఉత్తరం కంటే ముందే రిపోర్టు వచ్చేసింది. మేనేజరు మా అందర్నీ పిలిచి టవరు పక్కనే నిలబెట్టి పైకి చదివాడు. నేను మొదటి వరసలో నిలబడ్డాను, నడుం మీద చెయ్యి వేసుకుని. "ఎర్ర దారం, అరచేయంత. నీలం దారం, గొడుగంత" అన్నాడు. నడుం మీది చెయ్యి కిందికి దించేశాను. ఆ గొడుగు మాట పట్టుకుని గదంతా నవ్వించింది నేనే కదా. ఎవరూ నా వైపు చూడలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. టేపు అంటించే బల్ల కళ్ళ ముందు కనిపించింది.

మేనేజరు కాగితం మడవబోయి "రెండో పేజీ కూడా ఉందే" అన్నాడు.

సన్నటి గొట్టం సంగతి చదివాడు. టీ గ్లాసు సంగతి చదివాడు. బంతులన్నీ ఒకే కొలత అని నువ్వు రాసినచోట ఆగి, నమ్మకం లేక మళ్ళీ చదివాడు. ఆ తర్వాత "ఎక్కడ ఆపాలో మాత్రం తెలియలేదు" అన్న వాక్యం వచ్చింది. అప్పుడు మాత్రం అందరూ ఒకేసారి నా వైపు తిరిగారు. డ్రమ్ముల వదిన "ఆ పిల్లకి మా వదిన సంగతి ఎంత బాగా తెలుసో!" అని పడీపడీ నవ్వింది.

దానికీ కారణముంది. పరీక్ష అనగానే నాకు పొగరెక్కింది. రోజూ తీసే వేళకి ట్రేలు తీయబుద్ధి కాలేదు. ఇంకాస్త గట్టిపడితే ఇంకా తిన్నగా పోతాయనుకున్నాను. వదిన "చాలు, తీసేద్దాం వదినా" అంటే "నీకేం తెలుసు, ఊరుకో" అని కసిరాను. దాని అలక అందుకే. మంచి బంతులు చాలక గొప్ప బంతులు చేయబోయి, మామూలు గొట్టానికి పనికిరాకుండా చేశాను. తప్పు నాదే. అయినా వాటిని ఒకదానిలాగే ఇంకోటి ఆరేలా తిప్పింది కూడా నేనే. ఇది కూడా రాసిపెట్టుకో.

గది ఉంటుంది. మేనేజరు అక్కడే చెప్పాడు. పిల్లలు పుట్టినరోజులకి వచ్చి కొట్టుకునే చవక రకానికి టవరుని వాడుకుంటాడట, పోటీలకి వెళ్ళే సరుకంతా మా గదిలోనే ఆరాలి. ఒకటే షరతు. రోజూ బంతులు కొలవాలి, కొలత రాగానే ట్రే తీసెయ్యాలి, నాకు తీయబుద్ధైనా కాకపోయినా. ఆ వెర్నియరు ఎవరి చేతికిచ్చాడనుకున్నావు? వదిన చేతికి! ఇప్పుడది మెడలో వేసుకుని నా వెనకే తిరుగుతోంది. నేను ట్రే ముందు ఒక్క క్షణం ఆగితే చాలు, గొంతు సవరించుకుంటుంది.

మీ నాన్న వచ్చాడు. వాడికి మొత్తం చెప్పాను. "అయితే నా కూతురు చేసింది మంచిదే అంటావా?" అని అడిగాడు. "నీ మాట విని ఉంటే ఈపాటికి నేను టేపు అంటిస్తూ ఉండేదాన్నిరా" అన్నాను. వెంటనే లేచి నీ దగ్గరికే బయల్దేరాడు. వస్తే ఈసారి చీపురు ఇవ్వకు, వాడి మొహం చూస్తే జాలేసింది.

నీ ఉత్తరం నిన్న అందింది. గోడ పక్కన కూర్చుని చదివాను, ఎవరికీ వినిపించలేదు. మనిషి చేతికి సాధ్యం కాదు, యంత్రం పనే అని రాశావు చూడు, నన్ను యంత్రమనుకున్నావటే! ఇన్నేళ్ళ ఉద్యోగంలో నన్ను ఇంత పెద్దగా ఎవరూ పొగడలేదు. ఆ ముక్క చదివి కాసేపు నా చేతులు నేనే చూసుకుంటూ కూర్చున్నాను.

కానీ నాకు గర్వం దానికి కాదు. ఆ బంతులు టవరువని నువ్వు నమ్మావు. అవి గెలిస్తే నా గది పోతుందని తెలుసు. మీ నాన్న అరుస్తున్నాడు, అడిగింది కూడా ఒక్క పేజీయే. అయినా రెండో పేజీ రాశావు. నావని తెలిసి గొట్టం మార్చి ఉంటే, ఈ గది నిలబడినా నేను ఇందులో తలెత్తుకుని నిలబడలేకపోయేదాన్ని. నావి కాదనుకునే మార్చావు. ఈ రోజు పొద్దున గదిలోకి అడుగుపెడుతుంటే, నా కోడలు పోగొట్టాననుకున్న గదిలోకి కాదు, నా కోడలు నాకు ఇచ్చిన గదిలోకి వెళ్తున్నానని అనిపించింది. గుమ్మంలోనే కాసేపు నిలబడిపోయాను. వదిన వచ్చి "లోపలికి రా, ట్రే తీసే వేళైంది" అంది. వెళ్ళి తీశాను.

మీ అత్త